టిక్కుమంటే పనిచేస్తున్నట్టేనా? పాత రీలు కెమెరా ‘వర్కింగ్ కండిషన్’ వెనక లెక్క

2024 జూన్‌లో పెంటాక్స్ కంపెనీ ‘పెంటాక్స్ 17’ పేరుతో సరికొత్త ఫిల్మ్ కెమెరాను విడుదల చేసింది. అంతా ఫోన్లలోనే అయిపోతున్న కాలంలో ఒక పెద్ద కంపెనీ రీలు కెమెరా తయారుచేసిందంటే అడిగేవాళ్లు ఉన్నారన్నమాటే. అయితే సరదాకి మొదలుపెట్టే చాలామంది చూపు మాత్రం పాతవాటి మీద పడుతుంది. 1960ల నుంచి 1980ల దాకా తయారై, ఎవరి అలమరలోనో ఏళ్ల తరబడి పడి ఉన్న కెమెరా. చవగ్గా దొరుకుతుంది, చేతిలో బరువుగా ఆనుతుంది, చూడ్డానికీ బాగుంటుంది.

చిక్కు ప్రకటన దగ్గరే మొదలవుతుంది. ‘గుడ్ వర్కింగ్ కండిషన్’ అని ఉంటుంది. అమ్మేవాడు అబద్ధమేమీ చెప్పడం లేదు. మీట నొక్కాడు, టిక్కుమంది, పనిచేస్తోందని రాశాడు. కొన్నవాడికి మాత్రం సగం ఫొటోలు మసకగానో నల్లగానో వస్తాయి. ‘పనిచేయడం’ అనే ఆ ఒక్క మాటలో షట్టరు, వెలుతురును కొలిచే మీటరు, లెన్సు, వెలుతురు చొరబడని పెట్టె, రీలును లాగే పళ్లచక్రం అన్నీ ముద్దగా కలిసిపోయి ఉన్నాయి. వీటిలో కొన్ని కాస్త చెడినా ఫిల్మ్ సర్దుకుపోతుంది. కొన్ని చెడితే ఒక్క ఫ్రేము కూడా దక్కదు. ఏది ఏ రకమో విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

కెమెరా నిజానికి చేసేది ఎంత?

డిజిటల్ కెమెరాలో సెన్సరు, రంగుల లెక్క, ఫొటోను తీర్చిదిద్దే చిప్పు అన్నీ కెమెరాలోనే ఉంటాయి. రీలు కెమెరాలో అవేవీ ఉండవు. అది చీకటి పెట్టె. ముందు లెన్సు, వెనక ఫిల్మ్, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపే షట్టరు. ఎంతసేపు తెరుచుకుందన్నది షట్టరు వేగం. లెన్సు లోపల పెద్దదీ చిన్నదీ అయ్యే రంధ్రం అపర్చరు. ఈ రెండూ కలిసి ఫిల్మ్ మీద పడే వెలుతురు మోతాదును నిర్ణయిస్తాయి. ఫొటోగ్రాఫర్లు ‘ఎక్స్‌పోజర్’ అనేది దీన్నే.

ఫిల్మ్‌కు ఎంత వెలుతురు కావాలో దాని ఐఎస్ఓ అంకె చెబుతుంది. పాత కెమెరాల మీద ఇదే ‘ఏఎస్ఏ’ అని ఉంటుంది, లెక్క ఒకటే. 400 ఫిల్మ్‌కు 200 ఫిల్మ్ కన్నా సగం వెలుతురు చాలు.

అందుకే పాతికేళ్ల కిందటి ఖరీదైన కెమెరాలోనూ, దాని పక్కనే ఉన్న చవక కెమెరాలోనూ ఒకే రీలు వేసి, ఒకేలాంటి లెన్సుతో, ఒకే మోతాదు వెలుతురు ఇస్తే రెండు ఫొటోలను విడదీసి గుర్తుపట్టడం కష్టం. ధరలో తేడా పేరుకీ, కట్టుదిట్టానికీ, సౌకర్యానికీ. ఫొటో నాణ్యతకు కొనేవాడు ఊహించినంత వాటా అందులో ఉండదు.

స్టాప్ అనే కొలబద్ద

ముందుకు వెళ్లాలంటే ఈ ఒక్క మాట కావాలి. వెలుతురు రెట్టింపు అయితే ఒక స్టాప్ ఎక్కువ, సగమైతే ఒక స్టాప్ తక్కువ. షట్టరు డయల్ మీద 1/125, 1/250, 1/500 అని వరసగా ఉంటాయి. ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతూ పోతుంది. అపర్చరు అంకెలు ఎఫ్/8, ఎఫ్/11, ఎఫ్/16. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, అక్కడా మెట్టుకు సగమే. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే: 16 అంటే 8 కన్నా ఎక్కువ వెలుతురు అనిపిస్తుంది. కింద గీత ఉందని, అది భిన్నమని గుర్తుంచుకుంటే గొడవ తీరిపోతుంది.

అలా ఎఫ్/16 దగ్గర 1/250, ఎఫ్/8 దగ్గర 1/1000 ఒకటే మోతాదు. రంధ్రం రెండు మెట్లు పెద్దదైంది, సమయం రెండు మెట్లు తగ్గింది.

ఫిల్మ్ దేనికి సర్దుకుంటుంది, దేనికి సర్దుకోదు?

మామూలు కలర్ నెగటివ్ రీలుకు (కడిగాక వెలుగునీడలు తిరగబడి కనిపించేది) ఎక్కువ వెలుతురు తగిలితే పెద్దగా పట్టించుకోదు. రెండు స్టాప్‌లు ఎక్కువైనా చక్కటి ఫొటో వస్తుంది, మూడు ఎక్కువైనా చాలాసార్లు గట్టెక్కుతుంది. తక్కువ పడితే మాత్రం కథ వేరు. ఒక స్టాప్ తగ్గేసరికే నీడలు మట్టిరంగులోకి తిరుగుతాయి, రెండు తగ్గితే అక్కడ వివరమే నమోదు కాదు. నమోదు కానిదాన్ని స్కానరు ఎక్కణ్నుంచి తెస్తుంది? బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌ది కూడా ఇంచుమించు ఇదే స్వభావం. కడిగితే నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్మ్ ఇందుకు విరుద్ధం. అర స్టాప్ ఎక్కువైనా తెల్లటి భాగాలు తేలిపోతాయి.

పాత కెమెరాలో ఉన్న ఏ లోపాన్నైనా ఈ ఒక్క ప్రశ్నతో తూచవచ్చు: ఇది వెలుతురును ఎక్కువ చేస్తుందా, తక్కువ చేస్తుందా?

షట్టరు: మెల్లగా నడిచే గడియారం

షట్టరు లోపల స్ప్రింగులు, పళ్లచక్రాలు, కాస్త గ్రీజు ఉంటాయి. దశాబ్దాలు గడిచాక గ్రీజు గట్టిపడుతుంది. దాంతో షట్టరు మందగిస్తుంది. 1/500 అని పెడితే 1/250 సెకను తెరుచుకుంటుంది. అంటే ఒక స్టాప్ ఎక్కువ. పై లెక్క ప్రకారం నెగటివ్ రీలులో దీన్ని మీరు గమనించరు కూడా. ‘అన్ని స్పీడ్లూ కరెక్ట్’ అని ఎక్కువ ధర చెప్పే ప్రకటనకు, నెగటివ్ రీళ్లు మాత్రమే వాడేవాళ్లు అంతగా లొంగాల్సిన పనిలేదు.

వేరే రకం జబ్బు ఒకటుంది, అది ప్రమాదకరం. చాలా ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో (అద్దం సాయంతో లెన్సులోంచే చూసి ఫొటో తీసేవి) షట్టరంటే రెండు తెరలు. మొదటిది తెరుస్తూ పోతుంది, రెండోది మూస్తూ వెంటపడుతుంది. మొదటి తెర మందగించి, రెండోది మామూలుగా నడిస్తే మధ్యలోనే దాన్ని అందుకుంటుంది. 1/1000 దగ్గర తీసిన ఫొటోలో ఒక పక్క నల్లగా మిగిలిపోతుంది. చెవికి మాత్రం అదే టిక్కు. వెనక మూత తెరిచి, లెన్సు వెలుతురు వైపు పెట్టి, పెద్ద వేగాల దగ్గర నొక్కి చూస్తే ఫ్రేము అంతా ఒకేలా మెరిసిందో లేదో ఓ మాదిరిగా తెలుస్తుంది.

తక్కువ వేగాలను కొలవడానికి ఫోనే చాలు. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ వీడియోలో, 1/15 పెట్టిన షట్టరు సుమారు 16 ఫ్రేముల్లో తెరిచి కనిపించాలి. 1/30 అయితే 8. పదహారు కనిపించాల్సిన చోట 30 కనిపిస్తే దాదాపు ఒక స్టాప్ నెమ్మది. 1/250 పైన ఈ పద్ధతి పనికిరాదు, ఒక్క ఫ్రేములోనే అయిపోతుంది. ఒక జాగ్రత్త: జోర్కీ వంటి పాత సోవియట్ కెమెరాల్లో షట్టరును బిగించాకే వేగం డయల్ తిప్పాలి. ముందే తిప్పితే లోపలి యంత్రం దెబ్బతినొచ్చు. చూద్దామని సరదాగా తిప్పి చెడగొట్టడం చాలా తేలిక.

1976లో వచ్చిన ఇద్దరు

యంత్రంతో నడిచే షట్టరు మంచిదా, ఎలక్ట్రానిక్ మంచిదా అన్న వాదన తెగదు. అటూ ఇటూ బలమున్న వాదన అది. 1976లోనే రెండు కెమెరాలు వచ్చాయి. పెంటాక్స్ కె1000లో షట్టరుకు బ్యాటరీ అక్కర్లేదు. చిన్న బటన్ సెల్లు మీటరు ముల్లు కదలడానికి మాత్రమే. ఈ మోడల్‌ను 1997 దాకా తయారుచేశారు. క్యానన్ ఏఈ-1లో మైక్రోప్రాసెసర్ ఉంది, అపర్చరును తనే ఎంచుకోగలదు, కానీ 6 వోల్టుల బ్యాటరీ లేకపోతే షట్టరే కదలదు.

యంత్రం పక్షాన చెప్పేవాళ్ల మాట: ఎప్పుడైనా బాగుచేయించవచ్చు, ఎలక్ట్రానిక్ బోర్డు పోతే విడిభాగం దొరకదు. ఇది నిజమే. అవతలివాళ్ల మాట: ఎలక్ట్రానిక్ షట్టరు బతికున్నంత కాలం వేగాన్ని దాదాపు సరిగ్గానే ఇస్తుంది, చెడితే ఆగిపోయి చెప్పేస్తుంది. యంత్రపు షట్టరు మెల్లమెల్లగా దారి తప్పుతూ కూడా టిక్కుమంటూనే ఉంటుంది. ఇదీ నిజమే. నన్నడిగితే, దగ్గర్లో బాగుచేసే మనిషి ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టే ఈ వాదన తేలుతుంది. మనిషి లేకపోతే ‘బాగుచేయించవచ్చు’ అన్న సుగుణం కాగితం మీదే ఉంటుంది.

మీటరు, ఇప్పుడు దొరకని బ్యాటరీ

అసలు తలనొప్పి మీటరుతో. 1960లు, 70లలో వచ్చిన చాలా కెమెరాలను 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం రూపొందించారు. మినోల్టా ఎస్‌ఆర్‌టి-101, క్యాననెట్ క్యూఎల్17 అలాంటివే. పాదరసం విషపదార్థం కావడంతో ఆ బ్యాటరీలు ఆగిపోయాయి. అమెరికాలో 1996 చట్టం వాటికి తెరదించింది. అదే సైజులో ఇప్పుడు దొరికే ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులది. గూట్లో చక్కగా పడుతుంది, ముల్లూ కదులుతుంది. ‘మీటర్ వర్కింగ్’ అని ప్రకటనలో ఇంకో మాట చేరుతుంది.

అయితే ఎక్కువ వోల్టేజీకి ముల్లు ఎక్కువ కదులుతుంది. ఉన్నదాని కన్నా ఎక్కువ వెలుతురు ఉందని చూపిస్తుంది. దాన్ని నమ్మి మనం తగ్గిస్తాం, ఫిల్మ్ మీద తక్కువ పడుతుంది. ఫిల్మ్ సర్దుకోలేని దిశ సరిగ్గా ఇదే. పైగా ఆల్కలైన్ సెల్లు వాడుతున్నకొద్దీ వోల్టేజీ తగ్గిపోతుంటుంది కాబట్టి తప్పు కూడా ఇవాళ ఒకలా, వచ్చే నెల మరోలా ఉంటుంది.

వినికిడి యంత్రాల్లో వాడే 675 సైజు జింక్-ఎయిర్ సెల్లు 1.4 వోల్టులు ఇస్తుంది. పాతదానికి బాగా దగ్గర, కాకపోతే గాలి తగిలాక కొద్ది వారాలకో నెలలకో అయిపోతుంది. వోల్టేజీని తగ్గించే అడాప్టరు వేసి సిల్వర్ ఆక్సైడ్ సెల్లు పెట్టడం ఇంకో దారి. ఐఎస్ఓ డయల్‌ను అటో ఇటో జరిపి సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. తప్పు అన్ని వెలుతురుల్లో ఒకేలా ఉండదు కాబట్టి అది ఉజ్జాయింపే. కొన్ని కెమెరాలకు ఈ బాధే లేదు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లోని సర్క్యూటు వోల్టేజీ తేడాను చాలావరకు తట్టుకుంటుంది.

ఒక విచిత్రమైన లెక్క చూడండి. షట్టరు మందగించి ఒక స్టాప్ ఎక్కువ ఇస్తోంది. తప్పు బ్యాటరీ వల్ల మీటరు ఒక స్టాప్ తక్కువ ఇవ్వమని చెబుతోంది. రెండు తప్పులూ కొట్టేసుకుని ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. ఆ సంతోషంలో షట్టరును సర్వీసు చేయిస్తే ఆ తర్వాతి రీలులో ఫొటోలు నల్లగా వస్తాయి, బాగుచేసినవాడికి తిట్లు పడతాయి.

ఒలింపస్ ట్రిప్ 35 లాంటివాటిలో బ్యాటరీయే ఉండదు. 1967 నుంచి 1984 దాకా తయారైన ఈ కెమెరాలో లెన్సు చుట్టూ ఉన్న సెలీనియం పలక వెలుతురుతోనే కరెంటు పుట్టిస్తుంది. వయసుతో, తేమతో ఆ పలక నీరసపడొచ్చు. దీనికి పరీక్ష కెమెరాలోనే ఉంది. ‘ఏ’ గుర్తు దగ్గర పెట్టి, లెన్సును చేత్తో కప్పి మీట నొక్కితే కిటికీలో ఎర్ర జెండా లేచి షట్టరు ఆగిపోవాలి, వెలుతురు వైపు తిప్పితే పడాలి. ఈ రెండూ జరిగితే మీటరులో ప్రాణం ఉన్నట్టు. సరిగ్గా కొలుస్తోందా అన్నది తర్వాతి ప్రశ్న.

మీటరు పూర్తిగా చచ్చిపోతే?

కెమెరాను పారేయాల్సినంత నష్టమేమీ కాదు. పాతకాలం నుంచి ఉన్న ఎండ సూత్రం ఉంది: నిండు ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టరును ఐఎస్ఓ అంకెకు దగ్గరగా ఉంచితే సరి. 200 రీలుకు 1/250. పల్చటి మబ్బుకు ఎఫ్/11, ముసురుకుంటే ఎఫ్/8, ఎండ తగలని బయటి నీడలో ఎఫ్/4. అనుమానం వస్తే ఒక మెట్టు ఎక్కువే ఇస్తారు, కారణం పైన చెప్పుకున్నదే. ఫోన్లో లైట్ మీటర్ యాప్ కూడా ఇందుకు పనికొస్తుంది.

ఫోకస్ కూడా అంచనాతో నడిచేదే చాలా చవక కెమెరాల్లో. దానికీ ఒక లెక్క ఉంది. 40 మి.మీ. లెన్సును ఎఫ్/11 దగ్గర పెట్టి, 5 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే ఇంచుమించు రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి. ఎండలో తీసే సగం ఫొటోలకు రింగు ముట్టుకోవాల్సిన పనే ఉండదు.

లెన్సులో బూజు, దుమ్ము, నూనె

టార్చి వేసి లెన్సు లోపలికి చూస్తే ఏ పాత లెన్సైనా భయపెడుతుంది. దుమ్ము రేణువులు ఫొటోలో కనబడవు, వదిలేయొచ్చు. పొగమంచులా పల్చటి పొర ఉంటే ఫొటో పాలిపోతుంది. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది బూజు, అంటే ఫంగస్. తేమలో పెరుగుతుంది, ఎక్కువకాలం ఉంటే గాజు మీది పూతను తినేస్తుంది. బూజు పట్టిన లెన్సును మిగతావాటి దగ్గర పెడితే అంటుకుంటుందని కొందరి భయం. ఆ బీజాలు గాల్లో ఎటూ ఉంటాయి, తేమ లేకపోతే మొలకెత్తవని మరికొందరి మాట. రెండో మాటలో బలం ఉంది. అయినా విడిగా పెట్టడానికి పోయేదేమీ లేదు కదా.

అపర్చరు రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసే రేకుల మీద నూనె ఊరడం వీటికన్నా కొంటెది. ఎస్‌ఎల్‌ఆర్‌లో మీట నొక్కిన క్షణంలోనే రేకులు మూసుకోవాలి. నూనెకు అతుక్కుని ఆలస్యమైతే ఎఫ్/16 అడిగితే ఎఫ్/5.6 దక్కుతుంది, మూడు స్టాప్‌లు ఎక్కువ. నీడలో బాగానే వచ్చిన ఫొటోలు ఎండలో తెల్లబోతున్నాయంటే మొదటి అనుమానం దీని మీదే.

చీకటి కారిపోతే

వెనక మూత అంచుల్లో నల్లటి స్పాంజి పట్టీ ఉంటుంది. ఏళ్లకేళ్లకు అది జిగురుగా, తారులా మారి వేలికి అంటుకుంటుంది. అక్కడి నుంచి వెలుతురు చొరబడితే ఫొటోల మీద నారింజ, ఎరుపు చారలు పడతాయి. చూస్తే ఘోరంగా ఉంటుంది గానీ అన్ని జబ్బుల్లోకీ తేలికైనది ఇదే. పాత పట్టీ గీకేసి కొత్తది అంటిస్తే సరిపోతుంది. దీన్ని చూపించి బేరమాడొచ్చు, దీని కోసం కెమెరా వదులుకోనక్కర్లేదు.

చవక కెమెరాకు అయ్యే ఖర్చు

కెమెరా ధర ఒకసారి పోయేది. రీలు, దాన్ని కడిగించడం, స్కాన్ చేయించడం ప్రతి 36 ఫొటోలకూ పోయేవి. పరీక్షించిన కెమెరా 100 అనుకుందాం, పరీక్షించనిది 40, ఒక రీలుకు అన్నీ కలిపి 20. పరీక్షించనివాటిలో సగమే బాగుంటాయనుకుంటే, మంచిది చేతికి రావడానికి సగటున రెండు కొనాలి, రెండు రీళ్లు వాడి చూడాలి: మొత్తం 120. పరీక్షించినదాన్ని కొని ఒక రీలు వాడినా 120. డబ్బు సమానమే, చెడిపోయిన రీలులోని ఫొటోలు అదనపు నష్టం. అయితే పైన చెప్పిన పరీక్షలు మనమే చేసుకోగలిగితే సగం అన్నది మరింత మెరుగవుతుంది, అప్పుడు 40దే లాభం. అమ్మేవాడు చూడని కెమెరాకూ చూసి దాచిన కెమెరాకూ తేడా ప్రకటనలో కనబడదన్నది వేరే సంగతి.

పెంటాక్స్ 17 లాంటి హాఫ్ ఫ్రేమ్ కెమెరాల ఆకర్షణ కూడా ఈ లెక్కలోనే ఉంది. ఒక ఫ్రేము జాగాలో రెండు ఫొటోలు, అంటే ఒక్క రీలుకు 72.

గడువు తీరిన రీళ్లు చవగ్గా వస్తాయి. పదేళ్లకు ఒక స్టాప్ ఎక్కువ ఇస్తే సరిపోతుందని ప్రచారంలో ఉన్న సూత్రం. చల్లగా దాచినదానికి అంత అక్కర్లేదు, వేడిలో మగ్గినదానికి అది చాలదు. ఎలా దాచారో తెలియని రీలుతో కొత్త కెమెరాను పరీక్షిస్తే, ఫొటోలు చెడినప్పుడు తప్పు రీలుదో కెమెరాదో తేలదు.

ఆ ‘ఫిల్మ్ లుక్’ ఎవరిది?

పాత లెన్సుదే మహిమ అంటారు కొందరు. పూత పల్చగా ఉన్న పాత లెన్సులు ఎదురెండలో వెలుగును చెదరగొట్టే మాట నిజమే. కానీ రంగుల విషయంలో లెన్సు కన్నా రీలు రకం, అంతకన్నా స్కానరు ముందు కూర్చున్నవాడి చేయి ఎక్కువ పనిచేస్తాయి. కలర్ నెగటివ్‌లను 1972లో వచ్చిన సి-41 పద్ధతిలో ఇప్పటికీ 38 డిగ్రీల దగ్గర కడుగుతారు. కడగడంలో అందరూ పాటించే ప్రమాణం ఉంది, నారింజ రంగు నెగటివ్‌ను తిరగేసి రంగులు తేల్చడంలో లేదు. ఒకే నెగటివ్‌ను రెండు ల్యాబుల్లో స్కాన్ చేయిస్తే ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా రావచ్చు. అందుకే ఫైళ్లతో సరిపెట్టుకోకుండా నెగటివ్‌లు వెనక్కి అడిగి తీసుకునేవాళ్లు తెలివైనవాళ్లు.

మొదటి రీలు బయటపెట్టే నిజాలు

నెగటివ్‌లు చేతికొస్తే కెమెరా జాతకమంతా వాటి మీదే ఉంటుంది. ఫ్రేములన్నీ పల్చగా, గాజులా ఉంటే వెలుతురు తక్కువ పడింది, అనుమానం మీటరు మీద. అన్నీ దట్టంగా ఉంటే షట్టరు మందం. ఎండలో తీసినవి మాత్రమే దట్టమైతే అపర్చరు రేకులు. ఫ్రేముల మధ్య ఎడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడినా లాగే పళ్లచక్రం అరిగింది.

ఇక రీలంతా ఖాళీగా వచ్చిందనుకోండి. అప్పుడు చూడాల్సింది అంచుల్ని. ఫిల్మ్ అంచున కంపెనీ పేరు, ఫ్రేము అంకెలు ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చువేసి ఉంటాయి, కడిగితేనే బయటపడతాయి. ఆ అక్షరాలు కూడా లేకపోతే కడగడంలో తప్పు జరిగింది, కెమెరాకు సంబంధం లేదు. అక్షరాలు చక్కగా ఉండి ఫ్రేములే లేకపోతే షట్టరు తెరుచుకోలేదు. లేదంటే చాలాసార్లు జరిగేదే జరిగి ఉంటుంది: రీలు మొన పళ్లచక్రానికి తగులుకోలేదు, 36 దాటాక కూడా రీలును ముందుకు జరిపే లివరు హాయిగా తిరుగుతుంటే ఇంకో నాలుగు బోనస్‌గా వచ్చాయని సంబరపడుతూ నొక్కారు. లివరు తిప్పినప్పుడల్లా ఎడమ పక్కనున్న రీవైండ్ గుబ్బ కూడా తిరగాలి. అది కదలకపోతే లోపల ఫిల్మ్ కదలడం లేదు.